అడ్డుమందు వేయని ప్లేటు

మా తమ్ముడికి గడ్డం గీయడం నాకు చేతకాదు. ఇరవై ఏళ్లు సెలూన్ నడిపినవాడు కాబట్టి నా పనితనం చూసి ఊరుకోడు. "అక్కా, అది నా చెంప. నువ్వు తోమే గిన్నె కాదు," అంటాడు. వాడి చేతులు వాడి మాట వినడం మానేశాక, రోజూ పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసి నేనే గీస్తున్నాను. ఉన్నట్టుండి తల ఒక పక్కకు విసురుగా తిరుగుతుంది. అది తిరిగేలోపు కత్తి తీసేయాలి.

మా నాన్నను తీసుకుపోయింది కూడా ఈ పాడు జబ్బే. మెదడు కణాల్లో ఒక ప్రోటీన్ సరిగ్గా మడత పడక, ఉండలు కట్టి, అక్కడే పేరుకుపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కణం తన చెత్త తనే తీసుకుంటుంది. ఉండ చుట్టూ పొర అల్లి మూటగట్టి, యాసిడ్ నిండిన తిత్తి దగ్గరకు చేరుస్తుంది. మూట, తిత్తి కలిసిపోయాక లోపలిదంతా కరిగిపోతుంది. దీన్నే ఆటోఫజీ అంటారు. ఈ జబ్బుకు మందు వెతికే ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. మైక్రోస్కోప్‌లో ఆ మూటలు పచ్చగా మెరిసే చుక్కల్లా కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టడం నా పని.

ఏడాది కిందట ఒక మందు వేసిన కణాల్లో, ఒక్కోదానికి చుక్కలు ఎనిమిది నుంచి ముప్పైకి పెరిగాయి. అందరూ ఎగిరి గంతేశారు. నేనైతే బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

కానీ చుక్కలు పెరిగినంత మాత్రాన చెత్త పోతున్నట్టు కాదు. కణం మూటలు ఎక్కువ కట్టినా పెరుగుతాయి, కట్టినవి కరగకుండా నిలిచిపోయినా పెరుగుతాయి. ఏది నిజమో తేలాలంటే కణాలు పెంచే ప్లేటు ఇంకోటి పెట్టాలి. అందులో మన మందుతో పాటు, తిత్తిని పనిచేయనివ్వని అడ్డుమందు కూడా వేస్తాం. చుక్కలు ముప్పై దాటి ఇంకా పెరిగితే, అడ్డుమందు లేనప్పుడు మూటలు కరుగుతున్నాయని అర్థం. పెరగకపోతే, మన మందే ముందుగా దారి మూసేసిందని అర్థం.

ఆ ప్లేటు పెట్టాల్సింది నేను. ఆ వారం అడ్డుమందు అయిపోయింది. కొత్త సీసా రావడానికి ఇరవై రోజులు పడుతుందన్నారు. మేం పరీక్షిస్తున్న మందు వేరే జబ్బుకు ఎప్పటినుంచో వాడుతున్నదే కాబట్టి రోగుల మీద పరీక్షకు అనుమతి దొరికింది, రోగుల పేర్లు ఇవ్వడానికి పది రోజులే గడువు. రిపోర్టులో ఆ ప్లేటు లెక్క రాయాల్సిన గడిలో 'తర్వాత' అని రాశాను. ల్యాబ్ నడిపే మా మేడమ్‌కు తమ్ముడి సంగతి తెలుసు, రెట్టించి అడగలేదు. సీసా వచ్చింది. అప్పుడూ పెట్టలేదు. మరిచిపోయి కాదు, భయపడి. నాకు ఆ ముప్పై కావాలి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

జాబితాలో తమ్ముడిది నాలుగో పేరు.

నాలుగు నెలలు మాత్రలు మింగాడు. తల విసుర్లు ఎక్కువయ్యాయి, మంచినీళ్లు కూడా పొలమారడం మొదలైంది. "టైం పడుతుందిలే అక్కా. నీ చుక్కలు ముప్పైకి ఎక్కాయిగా," అని వాడే నాకు ధైర్యం చెప్పాడు. మర్నాడు ల్యాబ్‌కు వెళ్లి అడ్డుమందు సీసా మూత తీశాను.

అడ్డుమందు లేని ప్లేటులో ముప్పై. వేసిన ప్లేటులో ముప్పై ఒకటి.

మూటలు కట్టినవి కట్టినట్టే పడి ఉన్నాయి. ఒక్కటీ కరగలేదు. తమ్ముడి తలలో జరుగుతున్నదీ ఇదే కావచ్చు.

మేడమ్ కాగితం చూసి, "ఈ ప్లేటు ఇన్నాళ్లూ ఏమైంది?" అంది.

"పెట్టలేదు మేడమ్."

"నేనూ అడగలేదు," అని ఫోన్ అందుకుంది. ఆ వారంలోనే పరీక్ష ఆపేశారు.

పరీక్ష ఆగిన మర్నాడు పొద్దున ఎడమ చెంప గీయడం పూర్తవుతుండగా తమ్ముడు అడిగాడు. "మాత్ర ఇవ్వలేదేం ఇవాళ?"

చెప్పేశాను. గడి, సీసా, ముప్పై ఒకటి, అన్నీ. వాడు కదలకుండా విన్నాడు. తల మాత్రం రెండుసార్లు తిరిగింది.

"ఆ ప్లేటు అప్పుడే పెట్టి ఉంటే?"

"నీకు ఆ మాత్రలు ఇచ్చేవాళ్లు కాదురా."

కుడి చెంప మీద నురగ ఉండగానే లేచి, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లలో ఒక్క మనిషిని కూడా సగం గడ్డంతో కుర్చీ దిగనివ్వలేదు వాడు.

మూడు రోజులు అలాగే ఉన్నాడు. నేను పళ్లెం గుమ్మం దగ్గర పెట్టేదాన్ని, ఖాళీ పళ్లెం తీసేదాన్ని. నాలుగో రోజు పొద్దున వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆ ప్లేటు ఇంకోసారి పెట్టి చూశావా? ఏమో, లెక్క తప్పి ఉండొచ్చుగా."

"మూడుసార్లు పెట్టాన్రా. రెండుసార్లు మేడమ్ పక్కనే నిలబడింది."

"ఇప్పుడు మూడుసార్లు పెట్టావన్నమాట," అన్నాడు.

తర్వాత కళ్లు మూసుకుని, కుడి చెంప నా వైపు తిప్పి, గడ్డం పైకెత్తాడు.