గుట్ట మీంచి కనబడే సముద్రం

ఐలమ్మ సూరత్ వచ్చి ఇరవై రెండేళ్లయినా సముద్రం చూడలేదు. ఆమె భర్త ముత్యం చూశాడు. సూరత్ పక్క జోల్వాలో అతనితో మగ్గాలు నడిపేవాళ్లంతా ఓసారి వల్సాడ్ వైపు ఒక గుట్ట ఎక్కి చూశారట. నిన్నూ తీసుకుపోతానని ఎప్పుడూ చెబుతుండేవాడు. రెండో విడత కరోనాలో, ఏప్రిల్‌లో, ఆస్పత్రికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఆమె జ్వరంతో గదిలో పడి ఉండి, కడసారి ముఖం కూడా చూడలేకపోయింది.

మే నెలాఖరున ఊరికి వెళ్లిపోవాలని మూటలు కట్టుకుంది. వెళ్లేముందు ఆ గుట్ట ఎక్కుతానంది. తోడు వస్తానన్నది తోటికోడలు విజయరాణి. పొయ్యిలు వేరైన నాటి నుంచి ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. అయినా ఎందుకు వస్తున్నావని ఐలమ్మ అడగలేదు.

గుట్ట మీది గుడి కరోనాకు మూసి ఉండటంతో మెట్లదారికి అడ్డంగా కర్రలు కట్టారు. మేకలు కాసే ముసలాయన వెనకబాట చూపించాడు. తుపాను వాన వెలిసి పది రోజులైనా ఆ వాలంతా ఊటనీరే. అడుగు వేస్తే గడ్డి మెత్తగా దిగి, మళ్లీ మెల్లగా పైకి లేచేది, నేల నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. ఎండకు తడి ఆవిరి లేస్తోంది. ముందు నడుస్తున్న విజయరాణి చీర కాసేపు కనబడేది, కాసేపు మసకలో కలిసిపోయేది. తనే ఎక్కుతోందో, ఎవరైనా తనను మోసుకెళుతున్నారో ఐలమ్మకు తెలియలేదు.

సగం దారిలో ఆమె కాలు మోకాలిదాకా దిగబడింది. విజయరాణి వెనక్కి వచ్చి, బురదలో కూర్చుని, రెండు చేతులా లాగింది. కాలు వచ్చింది, చెప్పు లోపలే ఉండిపోయింది. ఇద్దరూ అక్కడే కూలబడ్డారు.

"ఆస్పత్రి గేటు కాడ బావను సూసిన అక్కా," అంది విజయరాణి, కాలు వదలకుండానే. "లోపలికి తీస్కపోతున్నరు. నేను మాస్కు పెట్టుకుంటి గదా, నన్ను సూసి నువ్వే అనుకున్నడు. ఐలమ్మా అని చెయ్యి ఎత్తిండు."

"నువ్వేమన్నవ్?"

"కాదనలే. నేను గూడ చెయ్యి ఎత్తిన."

ఐలమ్మ తోటికోడలి చేతులకున్న బురదను తన కొంగుతో తుడిచింది.

ఐలమ్మ రెండో చెప్పు కూడా విడిచేసి ఒట్టి కాళ్లతోనే నడిచింది. ఇద్దరూ పైకి చేరారు. పొలాలూ ఉప్పు మడులూ దాటాక, దూరంగా ఒక వెలుగు పరుచుకుని ఉంది. ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. ఏది సముద్రమని ఐలమ్మ అడిగితే, ఆ మెరిసేదంతా అంది విజయరాణి. గాలి ఉప్పగా తగిలింది. నీడలు పొడుగయ్యేదాకా చూస్తూ కూర్చున్నారు.

దిగేటప్పుడు ఐలమ్మ ఆ మాట మళ్లీ చెప్పించుకుంది. ఏ చెయ్యి ఎత్తాడో, ఎండలో ఉన్నాడో నీడలో ఉన్నాడో అడిగింది. విజయరాణి ఓపిగ్గా చెప్పింది.

తిరుగు టెంపోలో, చాలా దూరం వచ్చాక, "ఈ నెల ఊరికి పోను రాణీ, వచ్చే నెల సూద్దాం," అంది ఐలమ్మ.

విజయరాణి జరిగి, ఆమెకు కిటికీ పక్కన చోటిచ్చింది.