పాలరాయి మీద మూడు చుక్కలు

మా ఆయన హరిబాబు తాగడు, కాక్‌టెయిల్ చేస్తాడు. రెంటికీ తేడా ఏమిటని అడిగితే అరగంట చెబుతాడు. నేనైతే ఒక్క ముక్కలో చెబుతాను: మా నాన్న తాగితే తాగుడు, ఈయన తాగితే హాబీ. ఆదివారం మాత్రం ముట్టడు. అరసవల్లిలో ఉంటూ ఆదివారం తాగితే కళ్ళు పోతాయట. శనివారం తాగితే సూర్యనారాయణమూర్తికి అభ్యంతరం లేదు కాబోలు!

ఈ జూన్‌లో ఏదో వీడియో చూసి నేరేడుపళ్ళ మీద పడ్డాడు. ఆవకాయకని నేను కడిగి ఎండబెట్టుకున్న గాజు జాడీ లాక్కుని, పళ్ళకి గాట్లు పెట్టి గింజలతో సహా అందులో పోసి, వోడ్కా నింపి అలమరలో చీకట్లో దాచాడు. పది రోజులు, ఆఫీసు నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా ఆ జాడీని కుదిపి చూసేవాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు అన్నిసార్లు చూసిన పాపాన పోలేదు.

ఆ జాడీని చూస్తే నాకు ఒళ్ళు మండటానికి వేరే కారణం ఉంది. ఆరేళ్ళ కిందట మా గృహప్రవేశం నాటి సాయంత్రం, ఈయనే మర్యాదకి మా నాన్న చేతికి మందు గ్లాసు ఇచ్చాడు. మా నాన్న కూర్మయ్యది భావనపాడు, సముద్రం మీద వేట. గ్లాసు పట్టుకుంటే ముందు వేలు ముంచి మూడు చుక్కలు నేల మీద వదలడం ఆయన అలవాటు. ఒకటి గంగమ్మ తల్లికి, ఒకటి పెద్దలకి, ఇంకొకటి మా చిన్నాన్న లక్ష్ముడికి. చిన్నాన్న వేటకెళ్ళి తిరిగి రాలేదు. నాన్న ఇసకలో బతికిన మనిషి, నేలంటే నేలే అనుకుని కొత్త పాలరాయి మీద వదిలాడు. "అయ్యో, పాలరాయి! మావయ్యా, ఇది మీ పాక కాదు" అన్నాడు మా ఆయన, అందరి ముందూ.

నాన్న గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ చుక్కల్ని గుడ్డ తెచ్చి తుడిచింది నేనే. మా ఆయన మీద ఎంత కోపమో, తుడిచినందుకు నా మీద నాకూ అంతే కోపం. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం. పోనీ క్షమించమని ఒక్క మాట అనమంటే, "నేనన్నది రాయి గురించి, మీ నాన్న గురించి కాదు" అనేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అప్పటి నుంచి నాన్న మా గడప తొక్కలేదు. అమ్మని, చేపల సంచిని గేటు దగ్గర దింపి, మళ్ళీ బయల్దేరేదాకా ఆటోలోనే కూర్చునేవాడు. నేను టీ పట్టుకెళ్ళి ఇస్తే తాగేవాడు. చచ్చేలోగా ఒక్కసారైనా మా నాన్న నా ఇంట్లో కూర్చుంటాడా అన్నదే నా బెంగ.

వేట నిషేధం అయిపోయి పడవలు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాక, ఒక శనివారం సాయంత్రం ఆటో వచ్చింది. అమ్మ వంటింట్లో చందువ చేపలు తోముతోంది. మా ఆయన జాడీలోది కొంత గ్లాసులోకి వడకట్టి, సోడా, ఐసు, పుదీనా వేసి, గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి ముఖం మాడ్చుకున్నాడు. నేనూ నాలుక మీద వేసుకుని చూశాను. ఒకటే వగరు. పంచదార పాకం పోశాడు, మళ్ళీ పోశాడు. తీపి పెరిగింది గాని వగరు తగ్గలేదు. ఇదెలా పోతుందని వంటింట్లోకి వెళ్ళి అమ్మని అడిగాడు.

"నానేటి సెప్పగలను బాబూ. ఆటోలో ఉన్నారు కదా, ఆయన్నడగండి" అంది మా అమ్మ దాలమ్మ, తల ఎత్తకుండానే.

పది రోజుల కష్టం మరి. మా ఆయన గ్లాసు పట్టుకుని గేటు దాకా వెళ్ళాడు. నేను వరండాలో నిలబడ్డాను.

"మావయ్యా, ఇదోసారి చూడండి. వగరు పోవట్లేదు."

నాన్న వాసన చూసి, పెదవి తడిపి, "నేరేడా? ఉప్పేసినావా బాబూ?" అన్నాడు.

"వీడియోలో వాడు పంచదార అన్నాడు."

"ఆడికి నేరేడు పండు తెల్దు. సంటి పిల్లలైనా ఉప్పద్దుకోకుండా తింతారేటి? గ్లాసులో కాదు, మొత్తం దాన్లో కలపాల. ఏదీ?"

"లోపలుంది."

మా ఆయన జాడీని బయటికి పట్టుకొస్తానంటాడేమోనని నేను వరండా మెట్లు దిగాను.

"మీరే రండి, మావయ్యా."

"ఇసక కాళ్ళు బాబూ. గచ్చు పాడైపోతాది."

మా ఆయన తల దించుకున్నాడు. "ఆ రోజు నేను అనకూడని మాట అన్నాను. రండి" అన్నాడు.

నాన్న నా వైపు చూశాడు. దిగి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. సోఫా చూపిస్తే వద్దని, జాడీ ముందు నేల మీదే కూర్చున్నాడు. రాళ్ళుప్పు నలిపి వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో తిప్పి, "ఇప్పుడు సూడు" అన్నాడు. వగరు అణిగి పండు రుచి పైకి వచ్చింది. మా ఆయన రెండు గ్లాసులు పోశాడు.

నాన్న తన గ్లాసు పట్టుకుని లేచి, పెరటి వైపు నడిచాడు. ఎందుకో మా ఇద్దరికీ తెలుసు.

"మావయ్యా, ఆగండి." మా ఆయన తన గ్లాసులో వేలు ముంచి పాలరాయి మీద ఒక చుక్క వదిలాడు. "గంగమ్మ తల్లికి." ఇంకొకటి వదిలాడు. "పెద్దలకి." మళ్ళీ వేలు ముంచి ఆగిపోయాడు. "మూడోది ఎవరికి?"

ఆరేళ్ళలో అడగని మాట.

"మా తమ్ముడికి బాబూ. లక్ష్ముడికి." వెనక్కి వచ్చి కూర్చుని, మూడో చుక్క తానే వదిలాడు.

నేను అలవాటుగా గుడ్డ తెచ్చాను. "ఉండనీ తులసీ" అన్నాడు మా ఆయన. పాలరాయికి నేరేడు రంగు పడితే వదలదని ఆయనకి నాకంటే బాగా తెలుసు. ఇప్పుడు ఇల్లు తుడిచేటప్పుడు ఆ మూడు మరకల దగ్గరా గుడ్డ పక్కకి తిప్పుకుంటాను.