పెళ్ళి ఫోటో ఎడమ అంచు

పల్లకీ వెళ్తోంది, పల్లకీ వెనక బాజాలు, బాజాల వెనక జగ్గారావు. ఈ ఊరేగింపులోకి తను ఎలా వచ్చి పడ్డాడో అతనికి తెలియదు గానీ, ఇది డెబ్బై ఏళ్ళ కిందటి రాళ్ళగెడ్డ రాజావారి అమ్మాయి పెళ్ళి, పోయిన వేసవిలో కోటలో పెట్టిన ప్రదర్శన కోసం ఆ ఫోటోలన్నిటికీ ఫ్రేములు కట్టింది తనే గనుక ప్రతి ముఖాన్నీ గుర్తుపడుతున్నాడు. కోట గోడలు కాసేపు గోడల్లా ఉంటాయి, కాసేపు అద్దాలైపోతాయి. పెళ్ళికూతురి పక్కన మాత్రం ఓ మనిషి పట్టేంత ఖాళీ. అటు చూడకుండా నడుస్తున్నాడు మహానుభావుడు.

"ఏటి నాయనా, ఇటు సూడవేటి?"

గున్నమ్మ. పోయి నెలన్నరయింది, అయినా పక్కనే నడుస్తోంది. ఒకసారి ఎనభై దాటిన ముసలమ్మ, ఒకసారి పన్నెండేళ్ళ పిల్ల, చేతుల్లో పెళ్ళికూతురి జరీ చెప్పులు.

"ఎప్పుడొచ్చావు మామ్మా?"

"నానెప్పుడెల్లాను? ఇక్కడే గదా నిలబడ్డాను. ఫోటో తీసినాయన కదలొద్దన్నాడు, కదల్నేదు. కాళ్ళు పీకీసినా కదల్నేదు. నువ్వే తీసీసినావు."

తీసేసిన మాట నిజమే. కావాలని చేశాడా అంటే, లేదు. కోటవాళ్ళిచ్చిన ఫ్రేము చిన్నది, ఫోటో రెండు వేళ్ళు పెద్దది, ఉన్నది ఒక్కటే ప్రతి. అంచున ఎవరో పనిపిల్లే కదా అని స్కేలు ఆనించి బ్లేడుతో గీసేశాడు, ఆ ముక్క చెత్తతో పాటు మంటల్లో పోయింది. అక్కడితో ఆగినా బాగుండును. ప్రదర్శన మొదటిరోజు గున్నమ్మ మనవరాలు దమయంతి చెయ్యి పట్టుకుని వచ్చి, బతుకంతా అందరికీ చెప్పుకున్న ఫోటోలో తనని తాను వెతుక్కుని, "నానెక్కడున్నానురా నాయనా?" అని అడిగితే, పదిమందిలో పరువు పోతుందని, "నువ్వెప్పుడూ ఇందులో లేవు మామ్మా, మతి తప్పి మాట్లాడుతున్నావు" అనేశాడు. జనం నవ్వారు. ఛీ, నోరు పడిపోయినా బాగుండేది!

"ఇంకో ఫోటో చేయించి పెడతాను మామ్మా," అంటాడు, అంటుండగానే కాళ్ళ కింద నేల అట్టలా వంగుతుంది.

"ఇప్పుడు నాకు ఫోటో ఎందుకురా? మా దమయంతి, అమ్మమ్మ బతుకంతా అబద్దాలాడిందనుకుంటంది. నాను అబద్దం ఆడనేదని దానికి సెప్పు. ఆ ఒక్కమాట సెప్పు."

చెప్తానని అనబోతాడు. ఈలోగా జనం మీదమీదకి వస్తున్నారు, గున్నమ్మ పక్కకి జరుగుతోంది, ఇంకా జరుగుతోంది, ఇక జరగడానికి చోటు లేదు...

"బాబాయ్! ఓ బాబాయ్!"

జగ్గారావు ఉలిక్కిపడి లేచాడు. మధ్యాహ్నం కునుకు, కొట్లో బల్ల మీదే. ఎదురుగా దమయంతి. గున్నమ్మ పింఛను కార్డు మీది ఫోటోని పెద్దది చేయించి తెచ్చింది, గోడకి తగిలించి దండ వెయ్యాలిట.

"ఫ్రేము ఇంట్లో పాతదుంది, ఇదిగో. ఫోటోయే కాస్త పెద్దదయిపోనాది. పక్కలు కోసీ బాబాయ్."

బ్లేడు అందుబాటులోనే ఉంది. అతని చెయ్యి అటు పోలేదు.

"కొయ్యనమ్మా," అన్నాడు. "కూర్చో. మీ అమ్మమ్మ ఆ పెళ్ళి ఫోటోలో ఉంది. పెళ్ళికూతురి పక్కనే ఉంది. కోసేసింది నేను. కోసేసి, లేనే లేదన్నాను."

దమయంతి కూర్చోలేదు. తెచ్చిన ఫోటోలో అమ్మమ్మ ముఖం కేసి చూసింది.

"నాను కూడా నవ్వీసినాను గదా బాబాయ్," అంది. "ఆ రోజు అందరితో పాటు నాను కూడా నవ్వీసినాను."