గీసినవారి గడి

"పధ్నాలుగేళ్ళ నుంచీ ఈ వంటింట్లోనే ఉన్నావు. ఒక మూత పట్టుకోవడం చేతకాదా?"

గిన్నె మూత పిడి విరిగి, మూత నేలమీద గింగిరాలు తిరుగుతుంటే మొగుడన్న మాట ఇది. ఇంటి ముందుగదిలో ఆయన ఆఫీసు, వెనక రేకుల షెడ్డులో వర్క్‌షాపు. పాత యంత్రాలకి బయట దొరకని విడిభాగాలు చేసిస్తాడు. విజిటింగ్ కార్డు మీద 'ప్రొప్రైటరు' అని అచ్చేయించుకున్నాడు కాబట్టి మనసులో ఆమె కూడా ఆయన్ని ప్రొప్రైటరనే పిలుచుకుంటుంది. పైకి మాత్రం ఏమండీ. మరి ఆమె ఎవరయ్యా అంటే, కార్డు మీద ఎక్కడా లేదు. ఫోన్లెత్తేది ఆమె. విరిగిన ముక్కలు కడిగి, వెర్నియరు కొలబద్ద పెట్టి కొలిచి, కాగితం మీద అంకెలేసి డిజైనరుకి పంపేదీ ఆమే. పార్సిళ్ళు కట్టేదీ, మధ్యలో లేచి కుక్కరు దింపేదీ ఆమే. అత్తగారిని అడిగితే, "మా కోడలికేం, ఇంటిపట్టున హాయిగా ఉంటుంది" అంటుంది. ఆ హాయి ఏమిటో ఎవరినైనా ఒక్కరోజు అప్పు తీసుకుని చూడమంటే బాగుండుననిపిస్తుంది ఆమెకి.

ఆ వారమే డిజైనరు పని మానేశాడు. ప్రొప్రైటరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఆమె మాత్రం విరిగిన పిడిని కొలుచుకుని, ఖాళీగా పడున్న కంప్యూటరు ముందు కూర్చుంది. లోకంలో ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే వదిలేసిన డిజైను సాఫ్ట్‌వేరు ఒకటి ఉందని డిజైనరు ఎప్పుడో చెప్పాడు. దించుకుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఫోన్లో పాఠం చూడటం, గబగబా వచ్చి గీయడం, మర్చిపోయి మళ్ళీ చూడటం. మొదటి మూడురోజులూ ఏడుపొక్కటే తక్కువ. ఒక గీత గీస్తే పక్కకి జారిపోతుంది. గుండ్రం పట్టుకులాగితే చతురస్రం వంకరపోతుంది. తర్వాత తెలిసింది కిటుకు. ఇందులో గీత గీయగానే సరిపోదు, దాన్ని కట్టెయ్యాలి. నీ పొడవింత, నువ్విక్కడుండాలి, నీకూ పక్కదానికీ మధ్య దూరమింత అని ఒక్కోటీ చెప్పాలి. కట్టనంతసేపూ గీతలు తెల్లగా ఉంటాయి, ఎవరు పట్టుకులాగితే అటు పోతాయి. అన్నీ కట్టేశాక ఆకుపచ్చగా మారతాయి. ఇక ఎంత గుంజినా కదలవు. మొదటిసారి పచ్చబడ్డప్పుడు ఆమె ఒక్కతే గదిలో చప్పట్లు కొట్టుకుంది.

షెడ్డులో ప్లాస్టిక్ నమూనాలు పోసే మిషను దగ్గరుండే పెద్దాయనని అందరూ మిషను బాబాయి అంటారు. ఆయన ఆమె గీసిన పిడిని పోసిచ్చాడు. తీరా చూస్తే బోల్టు దూరదు! బాబాయి పకపకా నవ్వాడు. "బోల్టు ఆరు మిల్లీలని రంధ్రం కూడా ఆరే పెట్టావామ్మా? కాస్త సందు వదలొద్దూ?" అత్తగారు గుమ్మంలోంచి, "బజార్లో దొరికే పిడికి ఇంత తతంగమా!" అంది. ఆమె రంధ్రం కాస్త పెంచి మళ్ళీ గీసింది. రెండోది సరిగ్గా కూర్చుంది. ఆ మూత తెరిచినప్పుడల్లా ఆమెకి ఒక్కక్షణం గర్వంగా ఉండేది. దాచుకోవడం దేనికి, చాలా గర్వంగా ఉండేది.

ఆ సాఫ్ట్‌వేరులో 'గురించి' అని ఒక మీట ఉంది. ఓ మధ్యాహ్నం ఊరికే నొక్కి చూసింది. దాన్ని రాసినవాళ్ళ పేర్లు, కిందికి జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి. జీతంబత్తెం లేకుండా చేశారట చాలామంది. తనూ అంతేగా, అనుకుంది. జీతమా, బత్తెమా? కాకపోతే వాళ్ళ పేర్లు ఇక్కడున్నాయి. తన పేరు ఎక్కడుంది? ఇంటి గుమ్మానికున్న పలక మీద లేదు, కార్డు మీద లేదు. చివరికి పార్సిలు మీద తన చేత్తో రాసే 'పంపినవారు' కింద కూడా ఆయన పేరే. ఎవరో గుప్పెడు మిరపకాయలు గుండెల్లో నూరినట్టయింది.

అప్పుడొచ్చింది సీసాల ఫ్యాక్టరీ పని. సీసా మెడ పట్టుకుని తిప్పే కొక్కెం విరిగిపోయింది, దాన్ని చేసే కంపెనీ మూతపడింది. ఆమె ముక్కలు అతికించి, కొలిచి, ఇరవై రోజులు కూర్చుని ఆ కొక్కెం గీసింది. నమూనా ఫ్యాక్టరీలో చక్కగా పనిచేసింది. ప్రతి డ్రాయింగు కిందా ఒక చిన్న పట్టిక ఉంటుంది, అందులో 'గీసినవారు' అని ఒక గడి. చూస్తే అందులో ప్రొప్రైటరు తన పేరు ఎక్కించేసుకున్నాడు.

"ఏమండీ, ఆ ఒక్క గడిలో నా పేరు పెట్టండి," అంది. వేరే ఏమీ అడగలేదు.

"నీ పేరా? ఫ్యాక్టరీవాళ్ళు నవ్విపోతారు. అయినా నువ్వు చేసిందేముంది, కంప్యూటరే గీసింది. నువ్వు మీటలు నొక్కావు, అంతేగా."

మర్నాడే ఫ్యాక్టరీ ఇంజనీరు ఫోను చేశాడు. ఎత్తింది ఆమే. "కొత్త సీసా వస్తోందండీ, మెడ కాస్త లావు. రేపు నేనే వస్తాను. గీసినవాళ్ళని ఉండమనండి, అక్కడే మార్చి చూసుకుందాం." ఆ మాట యథాతథంగా మొగుడికి చెప్పింది. "అదెంతసేపు? ఫైలు తెరిచిపెట్టు, నేను మార్చేస్తా," అన్నాడు, వార్తలు చూస్తూ.

తెరిచిపెట్టింది. అయితే అంతకుముందు తలుపు దగ్గరికేసి, కొక్కెం వంపుకి కట్టిన కొలత తీసేసింది. పక్కగీతలతో దాన్ని ముడేసిన కట్లు మరో రెండు తీసేసింది. ఆకారం వెంట్రుకవాసి కదల్లేదు, గీతలు మాత్రం తెల్లబడ్డాయి. గీసిన మనిషికైతే ఆ తెలుపు చూడగానే గుండె గుభేలుమంటుంది. తప్పు చేస్తున్నానా అని ఒక్కసారి తనని తాను అడిగి చూసుకుంది. లేదు, హాయిగా ఉంది. రేపు ఆయన నోటివెంట 'మా ఆవిడ గీసింది' అన్న మూడు ముక్కలు వస్తే వెంటనే వెళ్ళి కట్టేస్తాను, అనుకుంది. ఆ అవకాశం మాత్రం ఇద్దామనుకుంది.

ఇంజనీరు వచ్చాడు. ఆమె ట్రేలో టీ తెచ్చింది. "మా ఆవిడండీ," అన్నాడు ప్రొప్రైటరు. ఇంకొక్క ముక్కే, అనుకుంది ఆమె. "టీ బ్రహ్మాండంగా పెడుతుంది."

అయిపోయింది.

"డిజైను చాలా శుభ్రంగా ఉందండీ, మీరే గీశారా?" అని ఇంజనీరు అడిగితే, "నేనేనండీ, ఇరవై రోజులు నిద్రలేదనుకోండి," అన్నాడు. గోడ దగ్గర ట్రే పట్టుకుని ఆమె నిలబడే ఉంది. ఆమెకి వెళ్ళే ఉద్దేశం లేదు.

"అయితే మెడ అరమిల్లీ పెంచండి చూద్దాం. ఇరవై ఎనిమిదిన్నర."

ప్రొప్రైటరు గీతల్లోకి వెళ్ళాడు. ఇరవై ఎనిమిది అన్న అంకె కోసం వెతికాడు. లేదు. నుదురు తుడుచుకున్నాడు. ఓరకంట ఆమెవైపు చూశాడు. ఆమె ట్రే మీద మరకేదో ఉన్నట్టు చూసుకుంటోంది. ఇక చేసేదిలేక మౌసుతో వంపు పట్టుకుని లాగాడు. అంతే! కొక్కెం నోరు తెరుచుకుని, మెడ వాల్చేసి, పక్కగీతల్ని ఈడ్చుకుంటూ తెరంతా పాకింది. సరిచేద్దామని మళ్ళీ లాగాడు. ఇంకో పక్కకి పోయింది.

"ఇదేంటండీ, గీతలన్నీ తెల్లగా ఉంటే లాగుతారేంటి? ముందు కొలత కట్టాలి కదా," అన్నాడు ఇంజనీరు. "మీరే గీశానన్నారు?"

ప్రొప్రైటరు తెల్లమొహం వేశాడు. పధ్నాలుగేళ్ళలో ఆమె ఆ మొహం చూడలేదు. కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు!

"కాస్త జరగండి," అంది. ఆయన లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియలేదు. ఆమె కూర్చుని, చెదిరినవన్నీ వెనక్కి తెచ్చి, వంపుకి కొలత కట్టింది. ఇరవై ఎనిమిదిన్నర. తీసేసిన రెండు కట్లూ వేసింది. తెల్లగీతలన్నీ ఒక్కసారి పచ్చబడ్డాయి. ఇంజనీరు కుర్చీ ఆమెవైపు జరుపుకున్నాడు. "గీసింది మీరా అమ్మా? ఇంకో మూడు భాగాలున్నాయి, కూర్చుని మాట్లాడదామా?"

"మాట్లాడదామండీ," అంది. తర్వాత తల తిప్పకుండానే, "ఏమండీ, ఇంజనీరుగారి టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టుకురండి."

లోపలిగదిలోంచి అత్తగారు హడావిడిగా లేచింది. "వాడికేం తెలుసే, నేను పెడతానులే!"

"మీరు కూర్చోండి అత్తయ్యా. మీ అబ్బాయి పెడతారు."

ఇంజనీరు ముందు ఏమనగలడు? వెళ్ళాడు. ఆమె డ్రాయింగు తెరిచి, పట్టికలోని గడిలో ఉన్న పేరు ఒక్కో అక్షరం వెనకనుంచి చెరిపేసి, తన పేరు కొట్టింది. వంటింట్లో డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటున్నాయి, మూతలు కిందపడుతున్నాయి.

"చక్కెర ఎక్కడుంది?" అని అరిచాడు ప్రొప్రైటరు.

ఆమె ఫైలు భద్రపరిచింది. అప్పుడు, ఇంజనీరుకీ అత్తగారికీ షెడ్డులో ఉన్న మిషను బాబాయికీ కూడా వినబడేలా అంది.

"పధ్నాలుగేళ్ళ నుంచీ ఈ ఇంట్లోనే ఉన్నారు. చక్కెర డబ్బా ఎక్కడుందో తెలీదా?"