కింది లీగులో తొలి శనివారం

క్రెయిగ్‌మోర్ ఫుట్‌బాల్ జట్టు కింది లీగుకు పడిపోయాక సొంత మైదానంలో ఆడుతున్న తొలి మ్యాచ్ అది. అక్కడ తినుబండారాల కొట్టు నడిపే ఎల్స్‌పెత్ పాత అలవాటు కొద్దీ పిండి పొరల్లో మటన్ కూరి కాల్చే పైలు రెండు వందలు చేసేసింది. ఓడిన జట్టును చూడ్డానికి అసలు ఎవరైనా వస్తారా అన్నదే ఆమె గుబులు.

"రెండొందలా? నలభై మందొస్తే గొప్ప. మిగతావి మన గోల్‌కీపర్‌కి పెట్టు. వాడి చేతికి ఇంకేదీ ఎలాగూ చిక్కదు," అన్నాడు గేటు దగ్గరుండే డూగల్.

"నోరు మూసుకుని టికెట్లు చించు, ముసలోడా."

రెండున్నరకి మూడు బస్సులు వచ్చి ఆగాయి. అవతలి ఊరు ఊరంతా డోలుతో సహా దిగింది.

"ఇంత పెద్ద మైదానంలో మావాళ్లు ఎన్నడూ ఆడలేదు. మీరు కిందికి రావడం మాకు పండగే అక్కా," అంది వాళ్లలో ఒకావిడ.

ఆ డోలు మోత విని, ఇళ్లలో అలిగి కూర్చున్న సొంత ఊరివాళ్లు కూడా మెడకు స్కార్ఫులు చుట్టుకుని పరుగున వచ్చారు.

రెండో సగంలో జట్లు వైపులు మార్చుకుంటాయి కనుక, విరామంలో రెండు ఊళ్ల జనం తమ జట్టు గోలు కొట్టాల్సిన వైపుకి మారుతూ, సరిగ్గా ఎల్స్‌పెత్ కొట్టు ముందు ఎదురుపడ్డారు. పది నిమిషాల్లో పళ్లేలు ఖాళీ.

చివరగా డూగల్ వచ్చాడు. "నాకొకటి ఉంచావా?"

"గోల్‌కీపర్‌ని అడుగు," అంది ఎల్స్‌పెత్, నవ్వాపుకోలేక.