అరువు గుండె

బడి బస్సు నడిపే ఆవిడను పిల్లలంతా బస్సమ్మ అంటారు. పసితనంలో ఆమె గుండెకున్న రంధ్రాన్ని డాక్టర్లు కుట్టేశారు. ఆ కథ అంతటితో ముగిసిందనుకుని నలభై ఏళ్లు నిశ్చింతగా బతికింది. ఈ మధ్యనే ఆ గుండె పేచీ మొదలుపెట్టింది. ఉన్నట్టుండి పరుగందుకుంటుంది, అంతలోనే ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది. చిన్నప్పటి కుట్టు మచ్చ వల్ల వయసు మళ్లేకొద్దీ ఇలా లయ తప్పుతుంటుందని చెప్పి, డాక్టరమ్మ ఒంటికి తీగలు అంటించి చిన్న పెట్టె తగిలించింది. ఒక పగలూ రాత్రీ గుండె కొట్టుకునే తీరంతా అందులో నమోదవుతుందట. మామూలుగా పని చేసుకోమంది.

పెట్టెలో తేడా కనబడితే బస్సు చేజారినట్టే. బస్సు లేకుండా తానేమైపోతుందో ఆమె ఊహకే అందలేదు. అందుకే ఇంటికి రాగానే తీగలు పీకేసి, ఊడితే వాడమని ఇచ్చిన జిగురు బిళ్లలతో వాటిని మొగుడి ఛాతీకి అంటించింది. ఆయన దర్జీ. జలుబు తప్ప జబ్బెరగని మనిషి. మొదట ససేమిరా అన్నా, పెట్టె తగిలించుకున్నాక వైభోగం మరిగాడు. ఏ పని చెప్పినా పెట్టె వంక చూపించి కదలనన్నాడు. మర్నాడు ఆవిడ ఎప్పటిలాగే బస్సెక్కింది.

తర్వాత ఇద్దరూ ఆసుపత్రికెళ్తే, డాక్టరమ్మ కాగితాలు తిరగేసి గుండె నిక్షేపంలా ఉందంది. బస్సమ్మ మొహం చేటంత అయింది.

"ఆ రోజు బస్సు మీరే నడిపారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"నేను కాక ఇంకెవరమ్మా? ఒక్క ట్రిప్పు కూడా మానలేదు."

"గుండె ఇంత నెమ్మదించిందంటే గాఢనిద్రే. బడి వదిలే వేళకి పడుకుని, చీకటి పడేదాకా లేవలేదు మీరు."

బస్సమ్మ మొగుడి వంక గుర్రుగా చూసింది. గుండె జబ్బు మనిషిని నడపనిస్తారో లేదో గానీ, బస్సునిండా పిల్లల్ని పెట్టుకుని కునుకు తీసే మనిషిని మాత్రం ఎవరూ దగ్గరికి రానివ్వరు. పక్కనే ఉన్న మొగుడు తల దించుకుని, ఆ రోజు భోజనం కాస్త ఎక్కువైందని గొణిగాడు.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. పాత ఈసీజీల్లో ఉండే ఆపరేషన్ గుర్తు కూడా ఇందులో లేదని చెప్పి, మెల్లగా అడిగింది.

"నడుపుతుండగా ఎప్పుడైనా కళ్లు తిరిగాయా అమ్మా?"

లేదనే మాట నోటిదాకా వచ్చింది. మొన్న సిగ్నల్ దగ్గర కళ్లకు చీకట్లు కమ్మినప్పుడు వెనక సీట్లలో పిల్లలు పాట పాడుతున్నారు. ఆ పాట గుర్తొచ్చింది.

"ఒకసారి," అంది. సంచిలోంచి బస్సు తాళాలు తీసి మొగుడి చేతిలో పెట్టింది.

ఈసారి పెట్టె ఆమే తగిలించుకుంది. గుండె తన వేషాలన్నీ అందులో వేసి చూపించింది. తొడ దగ్గరి నరంలోంచి సన్నని తీగ పంపి, లయ తప్పిస్తున్న చోటును కాల్చి సరిచేశారు. కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెట్టి, మళ్లీ పరీక్షించాకే డాక్టరమ్మ బస్సు నడపనిచ్చింది.

మొదటి రోజు మొగుడు కూడా వెంట బయల్దేరాడు. దారి పొడుగునా ఆమెను కనిపెట్టుకుని ఉంటానని బీరాలు పలికాడు. రెండో మలుపు తిరక్కుండానే గురక పెట్టాడు. పిల్లలు కిసుక్కుమన్నారు.

"లేపకండర్రా," అంది బస్సమ్మ, గతుకు దగ్గర బస్సును మెత్తగా దాటిస్తూ. "డాక్టరమ్మ మెచ్చుకున్న గుండె అది."