రెండో చరణం దగ్గర ఆవిరి

రివ్యూ వచ్చిన పొద్దున నేను లాండ్రీ కౌంటర్ దగ్గర ఒక పెద్దాయనతో గుండీ గురించి గొడవ పడుతున్నాను. గుండీ మా ఉతుకులోనే ఊడిందని ఆయన, చొక్కా వచ్చినప్పుడే లేదని నేను. ఇద్దరం తగ్గేలా లేము. ఇంతలో పిట్ట ఫోన్ చేసింది. పిట్ట మా బ్యాండులో పాడుతుంది. గొంతు సన్నమని ఆ పేరు పెట్టాం. పగలంతా బస్ డిపోలో టికెట్లు అమ్ముతుంది.

"పేపర్ చూశావా? మన పాట గురించి రాశారే. అర పేజీ."

పెద్దాయనతో, "తప్పు మాదే, గుండీ సాయంత్రానికి కుట్టించి ఇస్తాను" అని చెప్పి పంపేశాను. గెలిచినా ఆయన ముఖంలో సంతోషం లేదు. పోట్లాట మధ్యలో ఆగిపోయిందని కాబోలు.

మా బ్యాండు పేరు తడిబట్టలు. మేం ముగ్గురమే. ఏ మ్యూజిక్ కంపెనీతోనూ ఒప్పందం లేదు, అడిగిన నాథుడూ లేడు. మూడేళ్లలో మాకొచ్చిన పెద్ద జనం పదకొండు మంది. అందులో నలుగురు మా చుట్టాలే. అలాంటి మా గురించి రాసింది ఎవరనుకున్నారు? ఎవరి పాటా ఓ పట్టాన నచ్చని ఆవిడ. పేరున్న గాయకులు కూడా ఆవిడ రివ్యూ వచ్చిన రోజు పేపర్ తెరవడానికి జంకుతారు. ఆవిడే రాసింది, 'ఈ ఏడాది నన్ను కుర్చీలోంచి లేపిన పాట ఇదొక్కటే' అని. ఎగిరి గంతేశాను. కౌంటర్ మీది హేంగర్లన్నీ గలగలమని కింద పడ్డాయి.

ఏరుకుంటూ చివరి పేరా చదివాను. 'రెండో చరణంలో డ్రమ్ము ఒక్క రెప్పపాటు ఆగుతుంది. అప్పుడొక నిట్టూర్పు వినిపిస్తుంది. అదేం వాయిద్యమో నాకు అంతుపట్టలేదు. ఎవరి ఆలోచనో గానీ, ఈ బ్యాండుకు ప్రాణం అదే.'

ఒళ్లు మండిపోయింది. అది వాయిద్యమూ కాదు, ఎవరి ఆలోచనా కాదు. మా మేనత్త స్టీమ్ ప్రెస్. లాండ్రీ ఆవిడదే. వెనక గదిలో మేం వాయించుకుంటాం, చెక్క దడికి అవతల ఆవిడ హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. కాలితో తొక్కితే మూత పడి, ఫుస్సుమని ఆవిరి వస్తుంది. రికార్డింగ్ రోజున ఒక్క అరగంట మిషన్ ఆపమని కాళ్లావేళ్లా పడ్డాను. "మీ పాట ఆగుతుంది, హోటలువాళ్లు ఆగరు" అంది. ఆ ఫుస్సు పాటలో పడిపోయింది. మళ్లీ రికార్డు చేసే ఓపిక లేక అలాగే నెట్‌లో పెట్టేశాం. ఎనిమిదేళ్లు చేతులు కాయలు కాసేలా డ్రమ్ములు నేర్చుకున్నది నేను, మెప్పు ఇస్త్రీ మిషన్‌కా?

మధ్యాహ్నం మాస్టారు పరిగెత్తుకొచ్చారు. ఆయన బడిలో లెక్కలు చెబుతారు, మాకు కీబోర్డు వాయిస్తారు. రివ్యూ రాసినావిడ ఆయనకే ఫోన్ చేసిందట. వచ్చే నెల పెద్ద హాల్లో కచేరీ ఉందట. అందులో మొదట వాయించే కొత్త బ్యాండును ఆవిడే ఎంచుతుందట. నాలుగింటికి వస్తానందట.

"ఆ నిట్టూర్పు మాత్రం తన కళ్లముందే వినిపించాలన్నారు" అన్నారు మాస్టారు.

నేను దడి అవతలికి వెళ్లాను.

"అత్తా, నాలుగింటికి మా పాటలో ఒక్కసారి ఫుస్సుమనిపించవా?"

"నాకు మీ పాటా తెలీదు, మీ తాళమూ తెలీదు. అరవై దుప్పట్లున్నాయి. పక్కకి జరుగు."

మాస్టారు ఆ శబ్దాన్ని ఫోన్‌లో పట్టి, కీబోర్డు మీద ఒక మీటకు ఎక్కించారు. అత్త భోజనానికి వెళ్లాక వాయించాం. ప్రతిసారీ ఆవిరి ముందు వస్తోంది, నేను వెనకబడుతున్నాను. మాస్టారు పిల్లల తప్పు దిద్దినంత మెల్లగా చెప్పారు. "నువ్వే ఆగుతున్నావమ్మా. రెండో చరణం మొదట్లో. రికార్డింగులోనూ ఆగావు."

నాకు తల తీసేసినట్టయింది. ఎందుకాగుతున్నానో వెంటనే తెలిసింది కూడా. మేం మొదలుపెట్టిన ఏడాది, సరిగ్గా అక్కడికొచ్చేసరికి అత్త దడి మీద దబదబా బాదేది. "ఆపండే ఆ దరువు" అని అరిచేది. బాదడం మానేసి రెండేళ్లయింది. నా చేతికి మాత్రం ఆ భయం ఇంకా పోలేదు.

రివ్యూ ఆవిడ నాలుగింటికి ఠంచనుగా వచ్చింది. బొద్దుగా, మోకాళ్ల నొప్పులతో, చేతిలో చిన్న నోటుపుస్తకంతో. మడతబెట్టిన దుప్పట్ల గుట్ట మీద కూర్చుంది. అత్త కౌంటర్ దగ్గరుంది, నా బదులు. మేం వాయించాం. రెండో చరణంలో నేను పళ్లు బిగపట్టి, ఆగకుండా దాటేశాను. మాస్టారి మీట కూడా సమయానికే పలికింది. ఒక్క తప్పు లేదు.

ఆవిడ పుస్తకం మూసేసింది. "బాగానే ఉంది. కానీ నేను విన్న పాట ఇది కాదు."

పిట్ట కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడేళ్లకు తలుపు దాకా వచ్చిన అదృష్టం, నా మొండితనం వల్ల వెనక్కి పోతోంది.

"ఇంకొక్కసారి వినండి" అన్నాను. "మాస్టారూ, ఆ మీట ముట్టుకోకండి."

ఈసారి చేతిని దాని మానాన వదిలేశాను. పిట్ట గొంతు పైకి లేచింది. రెండో చరణం వచ్చింది. నా చెయ్యి ఆగింది. ఎప్పటిలాగే, ఏ క్షణాన దడి మోగుతుందోనని.

అవతలి నుంచి ఫుస్సుమంది.

అత్త కౌంటర్ నుంచి ఎప్పుడొచ్చిందో. నా కర్ర డ్రమ్ము మీద పడింది, పాట ఉరికింది. పాట పూర్తయ్యేసరికి రివ్యూ ఆవిడ మోకాళ్ల సంగతి మరిచిపోయి లేచి నిలబడింది. గబగబా వెళ్లి దడి తలుపు తీసింది. ప్రెస్ ముందు అత్త, చేతుల్లో సగం పరిచిన దుప్పటి.

"ఎప్పుడు తొక్కాలో మీకెలా తెలుస్తుందండీ?"

అత్త నా వైపు చూడలేదు. "మొదట్లో దీన్ని తెగ తిట్టేదాన్ని. ఇప్పటికీ అక్కడికొచ్చేసరికి బెదిరిపోతుంది పిచ్చిది, చెయ్యి ఆపేస్తుంది. అందుకని కాలెత్తి పట్టుకుని ఎదురుచూస్తుంటా. ఆగగానే తొక్కుతా. ఏం అననులే, కానివ్వవే అని."

 "పాట తెలీదన్నావుగా అత్తా" అన్నాను.

"తెలీదన్నాను. వినలేదన్నానా?"

రివ్యూ ఆవిడ పుస్తకం మళ్లీ తెరిచింది. "పోస్టర్ మీద ఎంతమంది పేర్లు వేయించమంటారు?"

లెక్కల మాస్టారు నోరు తెరిచేలోపే, "నలుగురివి" అన్నాను.

"ఇంత బండ మిషన్‌ని హాలు దాకా ఎవరు మోస్తారే?" అంది అత్త. "మోసినా సరే, వట్టి మూత మాత్రం వెయ్యను. హోటలు దుప్పట్లు కూడా పట్టుకు రావాలి."

రివ్యూ ఆవిడ ఇంకోసారి వినాలంది. వాయించాం. రెండో చరణం దగ్గర నా చెయ్యి ఆగింది. భయపడి కాదు, ఆవిరి కోసం.